ఆదివారం సుద్ద

మా తోటికోడల్ని ఆ రంగుల క్లాసుకి తీసుకెళ్ళింది నేనే. సంచి మోస్తుందని తీసుకెళ్ళాను. ఇంకేదైనా కారణం చెప్పగలిగితే నాకు గౌరవంగా ఉండేది, కానీ లేదు. రంగు ట్యూబులు, బ్రష్షులు, అట్టలు, నీళ్ళ డబ్బా అన్నీ కలిపితే సంచి బరువు. క్లాసు జరిగేది మూతబడ్డ తాళాల కార్ఖానా పైన, మూడో అంతస్తులో. నాకేమో మోకాళ్ళ నొప్పి. ఆమెకి ఆదివారం సెలవు. "ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తావ్, రా, నాకు తోడుగా ఉంటుంది," అన్నాను. ఏకై వచ్చి మేకై కూర్చుంటుందని నాకేం తెలుసు.

నేను స్కూల్లో డ్రాయింగు టీచర్ని. ఇరవయ్యారేళ్ళ సర్వీసు. ఈ ఊళ్ళో సగం మందికి గీత గీయడం నేర్పింది నేనే. బ్యాంకులో కౌంటరు వెనక అమ్మాయి, బస్సు కండక్టరు, పళ్ళ డాక్టరు, ఎవరు ఎదురుపడ్డా "టీచరమ్మా, మీరు నేర్పిన బాతు ఇప్పటికీ వచ్చు," అంటారు. రెండు అంకె వేసి దానికి పొట్ట కలిపితే వచ్చే బాతు. నేను ఇంకా చాలా నేర్పాను, ఊరికి గుర్తున్నది మాత్రం బాతే. ఇంత చేసినా నేను వేసిన బొమ్మ వేలాడుతున్న గోడ లోకంలో ఒక్కటే ఉంది. అది మా స్కూలు సైన్సు గది పక్క వరండా. బొమ్మ పేరు జీర్ణవ్యవస్థ. పెద్దపేగు బాగా కుదిరిందని తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకున్నాడు కూడా.

అందుకే లైబ్రరీ గోడ మీద నా కన్ను పడింది. చదువుకునే గదికి కొత్తగా రంగు వేయించారు. తలుపు తీయగానే ఎదురుగా, గడియారం కింద, ఇంత వెడల్పున ఖాళీ. తెరల మాస్టారు పన్నెండు ఆదివారాలు క్లాసు చెబుతారనీ, చివర్లో ఒక్క బొమ్మని ఎంచి ఆ ఖాళీలో పెడతామనీ లైబ్రేరియన్ కాగితం అంటించింది. నేను ఆ కాగితం చదివిన రోజే ఇంటికొచ్చి, ఆ బొమ్మ నాదే అవుతుందని చెప్పేశాను. మా ఆయన "మేకు నేనే కొడతాను," అన్నారు. మా అత్తగారైతే "ఆ గోడ నీ కోసమే కట్టారే పెద్దమ్మాయ్," అని వీధి చివరి దాకా చాటింపు వేసొచ్చింది. స్టాఫ్ రూములో నేనే చెప్పుకున్నాను. ఒక్కసారి కాదు.

తెరల మాస్టారు ఒకప్పుడు నాటకాల కంపెనీలకి వెనక తెరలు వేసిన మనిషి. కోటలూ అడవులూ తుపానులూ బక్కెట్లలో రంగు కలిపి, చీపురంత బ్రష్షుతో వేసేవారట. ఇప్పుడు డెబ్భై దాటాయి. మొదటి ఆదివారం గుమ్మంలోనే ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుని నిలబడ్డారు.

"పెన్సిళ్ళు ఇందులో వెయ్యండి. వెళ్ళేటప్పుడు ఇస్తాను."

"పెన్సిలు లేకుండా బొమ్మ ఎలా వేస్తామండీ?" అన్నాను. ఇరవయ్యారేళ్ళ అధికారంతో అన్నాను.

"గీత అనేది ఎక్కడా లేదు టీచరుగారూ. మనం కల్పించుకున్నాం. ఉన్నవి రంగు ముక్కలు. ఒక ముక్క ఆగిన చోట ఇంకో ముక్క మొదలవుతుంది, అంతే."

ఇన్నేళ్ళుగా లేనిదాన్ని నేర్పుతున్నానని అంత నెమ్మదిగా నాతో చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు. పెన్సిలు డబ్బాలో వేశాను.

క్లాసులో మొత్తం నలుగురం. నేను, మా తోటికోడలు, సెలూన్ ఆయన, రిటైరైన నర్సమ్మ. బల్ల మీద తెల్ల పళ్ళెంలో ఒక ఉల్లిపాయ పెట్టి, మాస్టారు మా అందరికీ తలా ఒక అట్టముక్క ఇచ్చారు. దాని మధ్య చిటికెన వేలు పట్టేంత కన్నం ఉంది.

"దాని పేరు మర్చిపోండి," అన్నారు. "అది ఉల్లిపాయ కాదు. ఈ కన్నంలోంచి చూడండి. ఏ రంగు కనబడితే అది కలపండి. రెండు వేళ్ళ వెడల్పు బ్రష్షుతో ఒక్క దెబ్బ వేసి వదిలెయ్యండి. దిద్దొద్దు. తర్వాత దాని పక్క ముక్క. పక్కదాని కన్నా ముదురా, లేతా, అదొక్కటే అడగండి."

నేను కన్నంలోంచి చూశాను. ఉల్లిపాయే కనబడింది. పైన ఎండిన తోక, కింద వేళ్ళు, మధ్యలో చారలు, అన్నీ నాకు తెలిసినవే. బ్రష్షు కొసతో చుట్టూ గీత గీసి, లోపల రంగు నింపాను. నాది ఉల్లిపాయేనని ఎవరైనా ఒప్పుకుంటారు. కూరగాయల దుకాణం బోర్డు మీద పెట్టుకోవచ్చు.

మా తోటికోడలు ఐదు నిమిషాలు కదల్లేదు. కన్నానికి కన్ను ఆనించి అలాగే కూర్చుంది. తర్వాత డబ్బా మూతలో రంగు కలిపి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకుని వచ్చింది. మళ్ళీ కలిపింది, మళ్ళీ వెళ్ళింది. "ఏంటే ఆ తిరుగుడు?" అన్నాను. "ట్యూబులైటు కింద రంగు అబద్ధం చెబుతుందక్కా," అంది. చివరికి నాలుగు ముక్కలు వేసింది. ఒకటి ముదురు వంకాయ రంగు, ఒకటి గులాబి, ఒకటి ఏ పేరూ లేని బూడిద, పైన గోరంత తెలుపు. దగ్గర్నుంచి చూస్తే అతుకుల గుడ్డలా ఉంది. మూడడుగులు వెనక్కి వేస్తే, పళ్ళెంలో ఉల్లిపాయ బరువుగా కూర్చుని ఉంది.

మాస్టారు కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నారు. నేను ఇన్నేళ్ళలో ఏ పిల్లాడి బొమ్మ ముందూ అలా కూర్చోలేదు. అక్కడే నాకు మొదటిసారి కడుపు మండింది.

"ఇంతకుముందు వేశావా అమ్మాయ్?"

"లేదండీ. దారాల కొట్లో పనిచేస్తాను."

పదకొండేళ్ళుగా ఆమె పని అదే. దర్జీలు గుడ్డముక్క తెస్తారు, దానికి సరిపోయే దారపు రీలు తీసివ్వాలి. గుడ్డని గుమ్మంలోకి తీసుకెళ్ళి, వెలుగులో పట్టుకుని, లోపలికొచ్చి చూడకుండా చెయ్యి పెడితే ఆ రీలే వస్తుందట. మేం ఇంట్లో ఆ ఉద్యోగాన్ని ఉద్యోగమని ఎప్పుడూ అనలేదు. "చిన్నది కొట్టుకెళ్ళింది," అనేవాళ్ళం, అంతే. ఆ రోజు మెట్లు దిగుతూ, సంచి భుజాన వేసుకుని, నాకు చెబుతోంది: "ఎరుపు అని ఒక రంగు లేదక్కా. మా కొట్లో ఎరుపులు అరవై నాలుగున్నాయి. పేర్లుండవు, నంబర్లే."

"మరి మాస్టారికి చెప్పకపోయావా, ఆయన క్లాసు నువ్వే చెబుదువుగాని," అన్నాను. అది ఎత్తిపొడుపని ఆమెకి తెలియలేదు. తెలిసినా నవ్వేసింది. నోరు మూసుకుని నవ్వుతుంది అదొక రకంగా. నాకు ఆ నవ్వు కూడా గిట్టడం మానేసింది.

వారాలు గడిచాయి. కప్పు, సబ్బు బిళ్ళ, మడిచిన తువ్వాలు, పాత చెప్పుల జత. వారానికొక వస్తువు, వారానికొక కుంపటి నా గుండెల్లో. నేను ఎలాగోలా గీత మానుదామనే చూశాను. నిజంగా చూశాను. కానీ నా కళ్ళు అంచు కోసమే వెతుక్కుంటాయి. ఐదో వారం ఒక పెన్సిలు ముక్క కొప్పులో దాచుకుని వెళ్ళాను. అట్ట మీద సన్నగా, ఎవరికీ కనబడకుండా, చెప్పుల చుట్టూ గీసుకుని దాని మీద రంగు ముక్కలు పేర్చాను. మాస్టారు వెనక నిలబడి కాసేపు చూశారు.

"టీచరుగారూ, కొప్పులోది కూడా డబ్బాలో వెయ్యండి," అన్నారు.

సెలూన్ ఆయన పగలబడి నవ్వాడు. నర్సమ్మ దగ్గినట్టు నటించింది. మా తోటికోడలు నవ్వలేదు. తల వంచుకుని బ్రష్షు కడుక్కుంది. ఆమె నవ్వి ఉంటే నాకు కాస్త హాయిగా ఉండేది. జాలి పడిందేమోనన్న అనుమానమే నన్ను వారమంతా కొరుక్కు తింది.

ఇంట్లో ఇంకో రకం. ఆమె వేసిన చెప్పుల జతని మా ఆయన వంటింటి తలుపుకి ఆనించి పెట్టి, తల అటూ ఇటూ వాల్చి చూసి, "ఇవి నాన్నగారి చెప్పుల్లా లేవూ? కుడిది అరిగినట్టుగా," అన్నారు. మా మామగారు పోయి తొమ్మిదేళ్ళయింది. అత్తగారు కళ్ళజోడు తెచ్చుకుని చూసింది, లోపలికి వెళ్ళిపోయింది. నా చెప్పుల బొమ్మ పక్కనే ఉంది. ప్రతి బొడిపె, ప్రతి కుట్టూ వేశాను. దాన్ని చూసి "నీది కూడా బాగుంది," అన్నారు మా ఆయన. ఆ 'కూడా' నాకు గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ పూట ఆయనకి అన్నం గిన్నెలు చప్పుడయ్యేలా వడ్డించాను.

తొమ్మిదో ఆదివారం మాస్టారు చివరి బొమ్మకి వస్తువులు అమర్చారు. గుండ్రటి స్టీలు కెటిల్, దాని ఎడమపక్క ఆనుకుని పొడుగాటి పచ్చ సీసా, ముందు రెండు ఉల్లిపాయలు, మడిచిన పసుప్పచ్చ గుడ్డ. నాలుగు వారాలు ఇదే వెయ్యాలి. లైబ్రరీకి వెళ్ళేది ఈ నాలుగు బొమ్మల్లో ఒకటి.

నాలుగు వారాలు ఒకే అమరిక అంటే వస్తువులు వెంట్రుకవాసి కదలకూడదు. కానీ మామూలు రోజుల్లో ఆ బల్ల వేరేవాళ్ళు వాడుకుంటారు. అందుకని మాస్టారు ప్రతి వస్తువు అడుగునా బల్ల మీద సుద్దతో చుట్టూ గీశారు. వారం వారం వస్తువులు అలమరలోంచి తీసి ఆ గుర్తుల్లో పెట్టాలి. ఆయన మెట్లెక్కేసరికి తొమ్మిదిన్నర అవుతుంది. తాళంచెవి నా చేతికిచ్చారు. "గుర్తుల సంగతి టీచరుగారికి వదిలేస్తున్నాను. గీత విషయంలో ఆవిడ మాటే మాట," అన్నారు. అది మెచ్చుకోలో, వేళాకోళమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ గదిలో నేను బల్లకి ఎడమపక్క కూర్చునేదాన్ని. తోటికోడలు బల్లకి ఎదురుగా. చలిగా ఉంటుందని నేను ఎప్పుడూ ఒకటే పాత మెరూన్ స్వెటర్ వేసుకునేదాన్ని. రంగు పడినా ఫరవాలేదని దాన్ని క్లాసుకే కేటాయించాను.

పదో ఆదివారానికి ఆమె బొమ్మలో కెటిల్ లేచి నిలబడింది. దాని కడుపులో, ఎడమవైపు, ఒక పచ్చ ముక్క వేసింది. పక్కనున్న సీసా నీడ స్టీలులో పడి అలా మెరుస్తోందన్నమాట. నిలువుగా, వేలెడంత, మధ్యలో కాస్త వంగి. ఆ ఒక్క దెబ్బతో కెటిల్ స్టీలుదైపోయింది. నేను వేసిన కెటిల్‌కి మూత మీద బొడిపె ఉంది, ముక్కు ఉంది, పిడికి మేకులున్నాయి, అన్నీ ఉన్నాయి. అది మట్టిదో, ప్లాస్టిక్‌దో, అట్టదో చెప్పడం బ్రహ్మతరం కాదు.

ఆ రోజే లైబ్రేరియన్ చూసిపోదామని వచ్చింది. నా బొమ్మ ముందు "బాగుందండీ, చాలా నీటుగా ఉంది," అంది. ఆమె బొమ్మ ముందు నిలబడి, వేలు పచ్చ ముక్క దాకా తీసుకెళ్ళి, ముట్టుకోకుండా ఆపి, "అబ్బ, ఈ పచ్చ!" అంది.

ఆ వారం ఆ పచ్చ నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. బోర్డు మీద పిల్లలకి బాతు గీస్తుంటే కనబడింది. స్టాఫ్ రూములో "ఏంటి టీచర్, లైబ్రరీ బొమ్మ ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే "అయిపోవచ్చింది," అన్నాను. గోడ పోయింది. నా చేతుల్లోంచి కాదు, నేను నడిపించి తీసుకెళ్ళిన మనిషి చేతుల మీదుగా పోయింది. అది లేకపోతే, ఆ పచ్చ ముక్క ఒక్కటి లేకపోతే, అని నాకు బుద్ధి పుట్టింది.

పదకొండో ఆదివారం, మోకాళ్ళ నొప్పి గుర్తులేకుండా, ఎనిమిదింటికే మెట్లెక్కాను. తోటికోడలితో "స్కూలు పనుంది, నువ్వు తర్వాత రా," అని చెప్పాను. అలమరలోంచి వస్తువులు తీసి గుర్తుల్లో పెట్టాను. తర్వాత సీసా తీసుకుని కెటిల్ వెనక్కి, దాని చాటుకి, జానెడు దూరం జరిపాను. దాని చుట్టూ సుద్దతో కొత్త గుర్తు గీశాను. గుండ్రంగా, వంక లేకుండా వచ్చింది, చేతివాటం ఎక్కడికి పోతుంది. పాత గుర్తు చెరపడానికి గుడ్డ కనబడలేదు. స్వెటర్ చేతితోనే తుడిచేశాను. ఆమె కుర్చీ దగ్గరికెళ్ళి చూస్తే, కెటిల్ కడుపులో పచ్చ పోయింది. అక్కడ ఖాళీగా, తెల్లగా గోడ కనబడింది.

ఆమె వచ్చేసరికి నేను నా కుర్చీలో కూర్చుని, తేలు కుట్టిన దొంగలా, బొమ్మ మీద వంగి ఉన్నాను. సెలూన్ ఆయన కూర్చుంటూ "సీసా ఇక్కడే ఉండేదా?" అన్నాడు.

"గుర్తు మీదే ఉందిగా," అన్నాను తల ఎత్తకుండా.

"ఓహో," అని, ఆయన తన సీసాకి ఇంకాస్త పచ్చ పూసుకున్నాడు. నర్సమ్మ ఉల్లిపాయల్లో మునిగి ఉంది.

తోటికోడలు అట్టముక్క తీసి కన్నానికి కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది. నేను ఓరకంటితో ఆమెనే చూస్తున్నాను. అడుగుతుందనుకున్నాను. "అక్కా, సీసా జరిగింది కదూ," అంటే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. కత్తి తీసుకుని ఆ పచ్చని మెల్లగా గీకేసింది. అట్ట మీంచి పచ్చ పొట్టులా రాలింది. లైబ్రేరియన్ వేలు తాకకుండా ఆపిన పచ్చ అది. నాకు సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషం వేసింది. ఆ పూటంతా చెయ్యెత్తి హాయిగా నా బొమ్మ వేసుకున్నాను.

మాస్టారు వచ్చి అందరి వెనకా తిరిగారు. నా దగ్గర ఆగి, "టీచరుగారూ, మీ సీసా కెటిల్ పక్కన ఉంది. బల్ల మీద వెనకుంది. మీరు ఇవాళ తల ఎత్తి చూశారా?" అన్నారు. చూడలేదు. సీసా జరిపినదాన్ని నేనే, జరగనట్టు వేసుకుంటూ కూర్చున్నదాన్నీ నేనే. ఆయన బల్ల వైపు ఒకసారి చూసి, ముందుకెళ్ళారు.

పన్నెండో ఆదివారం నాలుగు బొమ్మల్నీ గోడకి ఆనించారు. మాస్టారు ఆమె బొమ్మ దగ్గర ఆగారు.

"పచ్చ తీసేశావేం అమ్మాయ్?"

"అక్కడ పచ్చ లేదండీ. ఉన్నది వేశాను."

పచ్చ ఉన్నచోట ఒక మెరూన్ ముక్క ఉంది. దాని పైన గోధుమరంగు చిన్న ముక్క, ఆ పైన నల్లగా ఇంకోటి. మెరూన్ పక్కనుంచి ఒక పాయ పైకి లేచి ఉంది. మాస్టారు కుర్చీ లాక్కున్నారు. మొదటి వారం ఉల్లిపాయ ముందు కూర్చున్నట్టే కూర్చున్నారు.

"పచ్చ అందంగా ఉండేది," అన్నారు. "ఇది ఊపిరి పీలుస్తోంది. లైబ్రరీకి ఇదే వెళుతుంది."

సెలూన్ ఆయన చప్పట్లు కొట్టాడు. నర్సమ్మ కొట్టింది. నేనూ కొట్టాను, కొట్టక చస్తానా. కొడుతూనే, "ఏంటే అది, ఆ ఎర్రగా ఉన్నది?" అన్నాను.

"ఎరుపు కాదక్కా, మెరూన్. నువ్వే," అంది. "సీసా వెనక్కెళ్ళింది కదా. అప్పటిదాకా దాని చాటున నువ్వున్నావు."

అప్పుడు నాకు అర్థమైంది. అంతకు ముందు రెండు వారాలూ ఆ స్టీలులో నేను పడకుండా అడ్డం ఉన్నది ఆ సీసాయే. దాన్ని నేనే తీశాను. ఆ రోజు పొద్దున నేను చూసినప్పుడు అక్కడ గోడ ఖాళీగా కనబడిందంటే, నా కుర్చీలో ఇంకా నేను లేను కాబట్టి. తర్వాత వెళ్ళి సరిగ్గా అక్కడే కూర్చున్నాను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని స్కూల్లో కాపీ రాయించేదాన్ని పిల్లలచేత, అందమైన దస్తూరి కోసం.

తర్వాతి ఆదివారం లైబ్రరీలో బొమ్మ పెట్టారు. అన్నమాట ప్రకారం మేకు మా ఆయనే కొట్టారు. గోడ మారలేదు, కోడలు మారింది. మా అత్తగారు మంచి చీర కట్టుకొచ్చి, "మా పెద్దకోడలు నేర్పింది, మా చిన్నకోడలు వేసింది," అని ఎదురొచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. అలా చెప్పమని ఆవిడకి తోటికోడలే నేర్పిందని నాకు తర్వాత తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

లైబ్రేరియన్ బొమ్మ ముందు నిలబడి కెటిల్ వైపు చెయ్యి చూపించింది. "పచ్చ పోయిందని విన్నప్పుడు అయ్యో అనిపించింది గానీ, ఇది చూడండి. ఇందులో మన టీచరమ్మ ఉంది!" అంది. జనం మూగారు. బ్యాంకు అమ్మాయి, పళ్ళ డాక్టరు, అందరూ నా బాతులే. పళ్ళ డాక్టరు ముక్కు ఆనేంత దగ్గరికెళ్ళి చూశాడు.

"అవును సుమా, ఆ కూర్చోవడం టీచరమ్మదే. బ్రష్షు పట్టుకుని చెయ్యి ఎత్తి ఉన్నారు కదూ? మరి ఈ చేతి చివర తెల్లగా ఏంటి?"

నేనూ అప్పుడే చూశాను. మెరూన్ పాయ కొసన, మణికట్టు దగ్గర, నువ్వుగింజంత తెల్లముక్క.

"సుద్ద!" అంది బ్యాంకు అమ్మాయి. "టీచరమ్మ చేతికి సుద్ద లేకుండా ఎలా ఉంటుంది? ఎంత బాగా పట్టుకుంది!"

అందరూ నవ్వారు, ప్రేమగా. మా ఆయన కూడా నవ్వారు. "ఇంటికొచ్చినా దులుపుకోదండీ," అన్నారు. నేను నవ్వు మొహం పెట్టుకుని నిలబడ్డాను. ఆ గదిలో ఉన్న అంతమందిలో ఎవరికీ తట్టలేదు, క్లాసు ఆదివారం జరుగుతుందని. ఆదివారం స్కూలుకి సెలవని. ఆదివారం నాడు నా స్వెటర్‌కి సుద్ద అంటుకునే పని ఇంకేముంటుందని.

అందరూ టీ కోసం పక్క గదిలోకి వెళ్ళారు. ఆమె వెళ్ళలేదు. సుత్తి దెబ్బకి రాలిన సున్నం పెచ్చులు నేల మీంచి ఏరుతోంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

ఏం తెలిసిందని అడగలేదు. "కూర్చోగానే తెలిసిందక్కా," అంది. "సీసా జరిగిందని తెలిసింది. చేతికి సుద్ద చూశాక, ఎవరు జరిపారో తెలిసింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే నువ్వు క్లాసు మానేస్తావు." పెచ్చులు అరచేతిలో పోగేసుకుంటూ అంది. "నేను ఎక్కడికైనా నీతో కలిసి వెళ్ళింది ఇదే కదా. పెళ్ళై వచ్చి పన్నెండేళ్ళయింది. నన్ను రమ్మని పిలిచింది నువ్వు ఇదొక్కసారే."

సంచి కోసం పిలిచానని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అది వెయ్యకపోతే ఏం?" అన్నాను. "నువ్వుగింజంత ముక్క. వెయ్యకుండా ఉంటే నీ బొమ్మకి వచ్చే నష్టమేంటి?"

"వెయ్యకూడదనే అనుకున్నాను. వేశాక కూడా రెండుసార్లు మెరూన్‌తో కప్పేశాను, ఎవరైనా అడుగుతారని." ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. "కప్పితే నువ్వు నువ్వులా లేవక్కా. వేరే ఎవరో కూర్చున్నట్టుంది. పైన వేసిన మెరూన్ తీసేశాను."

పక్క గదిలోంచి అత్తగారు టీ చల్లారిపోతోందని కేకేసింది. ఆమె పెచ్చులు చెత్తబుట్టలో వేసి, చేతులు దులుపుకుని, వెళ్ళింది. నేను కాసేపు అక్కడే ఉన్నాను. ఇరవయ్యారేళ్ళు ఎదురుచూసిన గోడ మీద, గడియారం కింద, బొటనవేలి గోరంత నేనున్నాను. సిగ్గుపడ్డాను. క్షమించమని అడగాలనుకున్నాను, తర్వాత అడిగాను కూడా. కానీ ఆ క్షణం దగ్గరికెళ్ళి, కళ్ళు చికిలించి, ఆ తెల్లముక్కని చూశాను. ఒక్కటే దెబ్బ. దిద్దలేదు. ఎంత ఉండాలో అంతే ఉంది, ఎక్కడుండాలో అక్కడే ఉంది. అంత సిగ్గులోనూ, అలా నేను జన్మలో పెట్టలేనని నాకు కడుపు మండింది.